గోడ మీది గీత

తెనాలిలో మా ఇంట్లో, అమ్మ పడకగది గుమ్మం దగ్గర మొదలై బాత్‌రూమ్ తలుపు దాకా గోడ మీద ఒక గీత ఉండేది. నడుము ఎత్తున, మట్టి రంగులో, వేలెడు వెడల్పున. మూడేళ్ళ కిందట సంక్రాంతికి ముందు రంగులు వేయించేటప్పుడు పెయింటర్ అడిగాడు, "ఇదేంటండీ, ఏదన్నా రాసుకుపోయిందా?" అని. బీరువా జరిపినప్పుడు తగిలి ఉంటుందిలే అన్నాను. రెండు కోటింగులు వేయించాను. గీత పోయింది, నేనూ మర్చిపోయాను.

అది అమ్మ వేళ్ళ గీత. రాత్రి లేచినప్పుడల్లా కుడిచేతి వేళ్ళ కొసలు గోడకి ఆనించి నడిచేదట. పట్టుకుని కాదు, ఊరికే ఆనించి. చేతికున్న కొబ్బరినూనె, పసుపు, చెమట అన్నీ కలిసి ఏళ్ళ తరబడి ఆ గోడకి పట్టేశాయి. అంటే తన నడక మీద తనకి నమ్మకం తగ్గి ఏళ్ళయిందన్నమాట. ఆ సంగతి మా అందరి కళ్ళ ముందే గోడ మీద ఉంది. నేను దాని మీద రంగు వేయించాను.

ఆ ఏడాది ఆగస్టులో అమ్మ పడిపోయింది. అప్పటికి తనకి 74 ఏళ్ళు. తెల్లవారుజామున నాలుగున్నరకి, బాత్‌రూమ్ గట్టు దగ్గర. నీళ్ళు హాల్లోకి రాకుండా ఇల్లు కట్టినప్పుడే నాలుగంగుళాల ఎత్తున కట్టిన గట్టు అది. ఐదున్నరకి పాలు పోసే ఆవిడ వచ్చి తలుపు కొట్టేదాకా అలాగే నేల మీద ఉంది. పక్క వాటాలో అద్దెకున్నవాళ్ళని పిలిస్తే పలికేవాళ్ళు. పిలవలేదు. తర్వాత ఎందుకమ్మా అని అడిగితే, "అంత పొద్దున్నే అందర్నీ నిద్ర లేపడం ఎందుకురా, కాసేపాగితే నేనే లేవగలను అనుకున్నా" అంది.

ఇది మా అమ్మ ఒక్కతి మనస్తత్వం అనుకున్నాను. కాదు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో 90 దాటిన వాళ్ళ మీద చేసిన ఒక అధ్యయనం 2008లో వచ్చింది. పడి లేవలేక ఎక్కువ సేపు నేల మీదే ఉండిపోయినవాళ్ళలో చాలామందికి సాయం కోసం నొక్కే బటన్ అందుబాటులోనే ఉంది. అయినా నొక్కలేదు. పెద్దవాళ్ళకి పడడం కంటే, పడ్డామని ఇంకొకరికి చెప్పడం కష్టం. మెడలో వేసే బటన్ అయినా, పడితే మనకి ఫోన్ చేసే వాచీ అయినా ఈ ఒక్క సంగతి తెలియకుండా తయారు చేస్తే సొరుగులోకే పోతుంది.

తుంటి ఎముక విరిగింది. గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. ఆపరేషన్ బాగా జరిగింది, దానికి వంక పెట్టను. కానీ పది రోజుల్లో అక్కడ ఒక్కరంటే ఒక్కరు "ఎలా పడ్డారమ్మా?" అని అడగలేదు. ఆరేళ్ళుగా రోజూ రాత్రి వేసుకుంటున్న నిద్రమాత్ర గురించి అడగలేదు. నిద్రమాత్రలు తూలేలా చేస్తాయని, బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు మంచం మీద కాసేపు కూర్చుని లేవాలని మాకు చెప్పినవాళ్ళు లేరు. డిశ్చార్జి కాగితంలో కాల్షియం, నొప్పి మాత్రలు, కింద "జాగ్రత్తగా చూసుకోండి" అని ఉన్నాయి.

జాగ్రత్తగానే చూసుకున్నాం. నేను ఆఫీసులో మాట్లాడుకుని హైదరాబాదు నుంచి ఇంటికొచ్చి పనిచేశాను. నెలకి పద్దెనిమిది వేలిచ్చి ఆయాని పెట్టాం. డల్లాస్ నుంచి చెల్లెలు హాల్లో కెమెరా పెట్టించింది. అమ్మ లేవబోతే చాలు, నేను ఇక్కణ్ణుంచి, అది అక్కణ్ణుంచి, ఆయా వంటింట్లోంచి, ముగ్గురం ఒకేసారి "నువ్వు లేవకు, ఏం కావాలో చెప్పు!" మంచినీళ్ళు కుర్చీ దగ్గరికి, కంచం కుర్చీ దగ్గరికి, పువ్వులు కుర్చీ దగ్గరికి. తులసికోట దగ్గర దీపం ఆయా పెట్టేది, అమ్మ కిటికీలోంచి చూసేది.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళని పది రోజులు మంచం మీదే ఉంచి చూసిన ఒక అమెరికన్ పరిశోధన 2007లో వచ్చింది. ఆ పది రోజుల్లో వాళ్ళ కాళ్ళలో దాదాపు ఒక కిలో కండ కరిగిపోయింది. ఏ జబ్బూ లేనివాళ్ళకి, పది రోజుల్లో! మేం అమ్మని ఐదు నెలలు కూర్చోబెట్టాం.

జనవరిలో మళ్ళీ పడింది. ఈసారి పట్టపగలు, హాలు మధ్యలో, ఆయా మూడు బారల దూరంలో ఉండగా. గట్టు లేదు, తడి లేదు, కాలికి అడ్డం వచ్చిందేమీ లేదు. కుర్చీలోంచి లేచింది, మోకాళ్ళు నిలవలేదు, అంతే. దేవుడి దయవల్ల ఎముకలు విరగలేదు. అప్పుడు వచ్చిన ఫిజియోథెరపీ మేడమ్ అమ్మ చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి జరిపి పిక్క పట్టుకుని చూసింది. నావైపు తిరిగి, "ఎముక అతుక్కుందండీ. మీరు ఆవిడని నడవనివ్వట్లేదు కదూ?" అంది.

ఆ మాట అప్పటి నుంచి నన్ను వదల్లేదు. వృద్ధులు పడకుండా చూసే రోబోల గురించి నేను చదవడం మొదలుపెట్టింది ఆ రాత్రే. ఇన్నాళ్ళు చదివాక నాకు కుదిరిన అభిప్రాయం ఒక్కటే. ఈ యంత్రాల్లో ఏది వచ్చినా, ధర ఎంతయినా, ముందు ఒకటి అడగాలి. ఇది ఇంట్లోకొచ్చాక మా అమ్మ ఇంకాస్త నడుస్తుందా, ఇంకాస్త కూర్చుంటుందా? కూర్చోబెట్టేదయితే అది ఎన్ని సెన్సర్లున్నా మేం ఐదు నెలలు చేసిన పనే చేస్తుంది, ఇంకా శ్రద్ధగా చేస్తుంది.

జపాన్‌నే చూడండి. అక్కడ పదిమందిలో దాదాపు ముగ్గురు 65 దాటినవాళ్ళు. 2015లో అక్కడి రికెన్ పరిశోధనా సంస్థ రోబేర్ అనే రోబోని చూపించింది. ఎలుగుబంటి ముఖం, 140 కిలోల బరువు. మంచం మీది మనిషిని రెండు చేతులతో ఎత్తి చక్రాల కుర్చీలో కూర్చోబెడుతుంది. దాని ఫోటో అప్పట్లో ప్రపంచమంతా తిరిగింది. ఎత్తి దించి నడుములు పోగొట్టుకునే నర్సులకి అలాంటిది కావాలి, కాదనను. అది ప్రయోగంగానే మిగిలిపోయి ఇళ్ళలోకి రాలేదు. వచ్చినా అది మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి మంచానికి. ఆ రెంటి మధ్య ఉన్న నాలుగడుగుల నేల, అంటే మనిషి తన కాళ్ళ మీద తను నడిచే చోటు, దాని లెక్కలోనే లేదు.

దానికి పూర్తిగా వేరే ఆలోచన 2025లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. హ్యారీ అసాడా అనే ప్రొఫెసర్, ఆయన విద్యార్థి రొబెర్టో బొల్లి కలిసి ఈ-బార్ అనే రోబోని చేశారు. అది మనిషి వెనకాల నడుస్తుంది. అటూ ఇటూ రెండు చేతులు ముందుకి చాపి ఉంటుంది. కావాలంటే వాటిని పట్టుకోవచ్చు, వద్దనుకుంటే వాటి మధ్యలో మనమానాన మనం నడవచ్చు. కూర్చున్నవాళ్ళు లేవాలంటే మనిషి మామూలుగా ఎలా ముందుకి వంగి లేస్తాడో ఆ దారిలోనే మెల్లగా లేపుతుంది. తూలితే చేతుల్లో ఉన్న గాలిసంచులు ఉబ్బి పక్కల నుంచి పట్టేస్తాయి. నడుముకి బెల్టు, ఒంటికి పట్టీలు ఏమీ అక్కర్లేదు. మనిషి మొత్తం బరువు దాని మీద పడినా ఒరిగిపోకూడదు కాబట్టి అడుగు భాగాన్ని 100 కిలోల బరువుతో చేశారు. ఇంకా ప్రయోగశాలలోనే ఉంది, రిమోట్‌తోనే నడిపిస్తున్నారు. కానీ ఆ ఆలోచన ఉంది చూశారూ, వెనకాల ఉండడం, అడ్డురాకపోవడం, పడబోతే తప్ప చెయ్యి వెయ్యకపోవడం, అది నాకు చాలా నచ్చింది. అసాడా చెప్పిన మాట కూడా మా ఇంటి కథే. కొందరు పడతామన్న సంగతే ఒప్పుకోక ఏ ఊతమూ పట్టుకోరు, కొందరు ఎక్కువ భయపడి కదలడమే మానేసి ఉన్న నడక పోగొట్టుకుంటారని. మా ఇంట్లో మొదటిది అమ్మ, రెండోది మేం.

"మనుషులుండగా యంత్రాలెందుకు? మన దేశంలో పిల్లలు లేరా, ఆయాలు దొరకరా?" అని అడిగే బంధువులు నాకు చాలామంది ఉన్నారు. వాళ్ళకి నేను చెప్పేది ఒకటుంది. ఆపరేషన్ అయ్యాక రెండు నెలలు నేను అమ్మ మంచం పక్కనే చాప వేసుకుని పడుకున్నాను. రాత్రి లేవాల్సి వస్తే నన్ను లేపమని రోజూ చెప్పేవాణ్ణి. ఒక రాత్రి మెలకువ వచ్చి చూస్తే మంచం పట్టె పట్టుకుని, చప్పుడు కాకుండా, నన్ను దాటుకుని వెళ్ళడానికి చూస్తోంది. కోప్పడ్డాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత గోడవైపు తిరిగి, "ఆ పనికి కొడుకుని ఎలా లేపనురా" అంది. నేను పక్కన లేకపోతే జాగ్రత్తగా వెళ్ళేది, నేను ఉన్నాను కాబట్టి చీకట్లో లైటు వెయ్యకుండా వెళ్తోంది. మనిషి సాయం అన్నివేళలా మంచిదే అని ఎలా అనను? రాత్రి మూడింటికి అడగడానికి మొహమాటపడక్కర్లేనిది, విసుక్కోనిది, మర్నాడు దాని గురించి ఎవరికీ చెప్పనిది ఒకటి ఇంట్లో ఉంటే మా అమ్మకి ఎంత గౌరవంగా ఉండేది!

ఆయాల సంగతి కూడా చెప్పాలి. మా ఇంటికొచ్చిన ఆవిడ మంచి మనిషి. కానీ తనకీ యాభై దాటాయి, తనకీ నడుం నొప్పి. అమ్మ పడితే మాటొస్తుందని భయపడి కూర్చోబెట్టడమే మేలనుకుంది. అందులో తన తప్పేముంది? పడకుండా చూడమని జీతమిచ్చాం గానీ, నడిపించమని ఇవ్వలేదు. 2011 జనాభా లెక్కల్లో మన దేశంలో 60 దాటినవాళ్ళు పది కోట్ల పైచిలుకు. 2050 నాటికి 34 కోట్లు దాటుతారని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి అంచనా. పిల్లలు హైదరాబాదులోనో, డల్లాస్‌లోనో ఉన్న ఇళ్ళు మా వీధిలోనే తొమ్మిది లెక్కపెట్టాను. అందరికీ ఆయాలు ఎక్కణ్ణుంచి వస్తారు? ప్రపంచంలో ఏటా 6 లక్షల 84 వేల మంది పడిపోవడం వల్ల చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందులో నూటికి ఎనభైకి పైగా మనలాంటి మధ్య ఆదాయ, పేద దేశాల్లోనే. రోబో డబ్బున్న దేశాలవాళ్ళ సోకు అనడానికి లేదు.

నా మనసుకి అన్నిటికంటే దగ్గరైన యంత్రం మాత్రం మనిషిని పట్టుకునేది కాదు, కావాలని జారేలా చేసేది. చికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో క్లైవ్ పై, తన్వి భట్ వాళ్ళ బృందం 65 దాటినవాళ్ళని ఒక బాట మీద నడిపించారు. పైనుంచి తాళ్ళు కట్టిన జాకెట్ తొడిగారు కాబట్టి కింద పడరు. బాటలో దాచిన పలకలు ఎప్పుడో ఒకప్పుడు కాలి కింద సర్రున జారతాయి. ఒక్క పూటలో 24 సార్లు జారించారు. మొదట్లో అందరూ తూలిపోయారు, పోను పోను వాళ్ళ కాళ్ళే నేర్చుకున్నాయి. 2014లో వచ్చిన ఫలితాల ప్రకారం, తర్వాతి ఏడాదంతా వాళ్ళు మామూలుగా పడే ప్రమాదం సగానికి తగ్గింది. ఒక్క పూట శిక్షణకి! కాలు జారాక నేలకి తగలడానికి పట్టేది సెకను కంటే తక్కువ. ఆ లోపల బుర్రతో ఆలోచించేది ఏమీ ఉండదు. కాలికే తెలిసి ఉండాలి. 74 ఏళ్ళ కాలు కూడా కొత్తగా నేర్చుకోగలదని ఆ పలకలు చూపించాయి. అలాంటిది ఒక్కొక్క జిల్లా ఆసుపత్రిలో ఒకటి ఉంటే, కాలికి కట్టుకట్టి పంపే ముందు మా అమ్మ లాంటివాళ్ళని దాని మీద నడిపించి పంపితే ఎంత బాగుంటుంది!

ఇక ఆ గీత సంగతి. వేలు ఆనిస్తే ఏమొస్తుంది, బరువు మోపట్లేదు కదా అనిపిస్తుంది. 1994లో అమెరికాలో జెకా, లాక్నర్ అనే ఇద్దరు ఇదే కొలిచారు. వేలి కొసతో వంద గ్రాముల బరువు కూడా పడకుండా దేన్నయినా తాకితే చాలు, నిలబడ్డ మనిషి ఊగడం బాగా తగ్గిపోతుంది. గట్టిగా పట్టుకున్నంత పనీ చేస్తుంది. ఆ వేలు మనిషిని మొయ్యదు, నేను ఎటు ఒరుగుతున్నానో ఒంటికి చెబుతుంది. 2018లో కొలంబియా విశ్వవిద్యాలయంలో సునీల్ అగర్వాల్ బృందం దీన్నే పట్టుకుని, పక్కనే తనంతట తాను చక్రాల మీద నడిచే చేతికర్రని చేసింది. దాని మీద ఆనుకోనక్కర్లేదు, తాకుతూ నడిస్తే చాలు, నడక కుదురుగా ఉంటుంది. ఇది చదివినప్పుడు నేను చాలాసేపు ఫోను పక్కన పెట్టేశాను. ఇంజినీర్లు కొలతలు వేసి కనిపెట్టినది అమ్మ చీకట్లో తనంతట తనే కనిపెట్టుకుంది.

ఇవేవీ రేపు తెనాలికి రావు. వచ్చినా మా బాత్‌రూమ్‌లోకి పోవు. ఆ తలుపు రెండున్నర అడుగులు, ముందు నాలుగంగుళాల గట్టు. పడకగదికి పసుపు రాసిన గడప, వరండాకి ఇంకో మెట్టు. చక్రాల మీద నడిచే ఏ రోబో అయినా మా ఇంట్లో హాలు దాటి కదలలేదు. కానీ ఆలోచిస్తే, ఆ చక్రానికి అడ్డమయ్యేవన్నీ అమ్మ కాలికి అడ్డమయ్యేవే. ఎంఐటీవాళ్ళు తమ రోబోకి పెట్టిన పరీక్షల్లో స్నానాల తొట్టి అంచు దాటడం ఒకటి. వాళ్ళకి తొట్టి అంచు, మనకి గట్టు. జపాన్‌లో వృద్ధుల సంరక్షణ బీమా కింద, ఇంట్లో పట్టుకునే రాడ్లు బిగించడానికి, నేల ఎత్తుపల్లాలు సరిచేయడానికి 2 లక్షల యెన్‌ల పని వరకు ఖర్చులో ఎక్కువ భాగం ఇస్తారు. రోబోల దేశం అనుకునే చోట ముందు డబ్బిస్తున్నది గట్టు కొట్టించడానికి. మన దగ్గర ఇల్లు కట్టుకోవడానికి లోన్లున్నాయి, పథకాలున్నాయి. బాత్‌రూమ్‌లో ఒక రాడ్డుకి, గరుకు టైల్స్‌కి సాయం చేసే పథకం కూడా ఉండాలి. ఇది ప్రభుత్వాన్ని గట్టిగా అడగాల్సిన విషయం.

అలాగే హైదరాబాదులో ఐఐటీలోనో ట్రిపుల్ ఐటీలోనో రోబోల మీద పనిచేసే పిల్లల్ని ఒకటి అడగాలనుంది. బాబూ, మీరు బొమ్మ గీసే ముందు ఒక్క వారం మీ అమ్మమ్మ ఇంట్లో ఉండి రండి. ఆవిడ ఎక్కడ చెయ్యి వేస్తుందో చూడండి. మంచం పట్టె, తలుపు అంచు, ఫ్రిజ్ పక్క, గోడ. అక్కడ మరకలుంటాయి. ఆవిడ గడప దాటేటప్పుడు ఒక చేత్తో చీర పట్టుకుంటుంది, ఇంకో చేతిలో చెంబుంటుంది. రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకోమంటే ఎలా?

అమ్మతో మేం చేసిందేమిటో క్లుప్తంగా చెబుతాను. గట్టు కొట్టించి వాలుగా చేయించాం. నిద్రమాత్ర డాక్టరుగారిని అడిగి మెల్లగా మాన్పించాం. కుడికంటి శుక్లం తీయించాం. ఫిజియోథెరపీ మేడమ్ రోజూ చేయమన్నది కుర్చీలోంచి చేతులు పట్టుకోకుండా లేవడం, ఒక పాదం ముందు ఒక పాదం పెట్టి నిలబడడం. వ్యాయామం వల్ల పడడాలు నూటికి 23 వరకు తగ్గుతాయని 2019లో కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ చాలా పరిశోధనల్ని కలిపి చూసిన సమీక్షలో తేలింది. దానికి ఏ పరికరమూ అక్కర్లేదు, ఓపిక కావాలి. మేడమ్ వరండాలో ఒక పరీక్ష పెట్టేది. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు, అంతకు మించి పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ లెక్క. అమ్మకి మొదటిసారి 26 పట్టింది. నాలుగు నెలలకి 15. "ఇంకో మూడేనా?" అని పరీక్ష రాసిన పిల్లలా అడిగింది. తులసికోట దగ్గర దీపం ఇప్పుడు తనే పెడుతోంది. ఆయా పక్కన కాదు, వెనకాల నిలబడుతుంది. అలా నిలబడమని నేను చెప్పాను. మా అమ్మకి పడే ప్రమాదం పూర్తిగా పోలేదు. తను నడిచే ప్రతి అడుగులో అది ఉంది. ఆ భయం నేను భరించాలి, తన చేత భరింపజేయకూడదు అనుకున్నాను. వెనకాల నడిచే యంత్రం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేది కూడా అందుకే.

పడకగది నుంచి బాత్‌రూమ్ దాకా గోడకి స్టీలు రాడ్ పెట్టిద్దామన్నప్పుడు, ఎంత ఎత్తులో పెట్టాలని వెల్డింగ్ అతను అడిగాడు. అమ్మని కళ్ళు మూసుకుని నడవమన్నాను. ఎక్కడ వేలు ఆనిందో అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టాడు. నేను రంగు వేయించిన చోటే.

మొన్న డిసెంబరులో వెళ్ళినప్పుడు చూస్తే, రాడ్‌కి నాలుగంగుళాల పైన గోడ మీద మళ్ళీ సన్నగా మరక పడుతోంది. "అమ్మా, రాడ్ పట్టుకోవట్లేదా?" అన్నాను. "పట్టుకుంటానురా. తెల్లారగట్ల మరీ చల్లగా ఉంటోంది, చెయ్యి పెట్టలేకపోతున్నా" అంది. సాయంత్రం బజారుకెళ్ళి రెండు చుట్టల నూలు నవారు తెచ్చి, మొదటి నుంచి చివరి దాకా రాడ్‌కి చుట్టాను. మధ్యలో ఒకచోట వదులైతే అమ్మ వచ్చి విప్పి, మళ్ళీ గట్టిగా చుట్టింది.